కల్లంగడి చేను: మా ముత్తాత అంగడిని వెతుక్కుంటూ పోతే

ఈ పేజీలో నేను మామూలుగా రాసేది టమేటా ధరలు, చెనక్కాయ తెగుళ్లు, బోర్ల సంగతి. ఈసారి చరిత్ర రాస్తున్నా. కొంచెం పొడుగైంది. రాత్రి అన్నాలైనాక తీరుబాటుగా చదవండి.

మా ఊరికి పడమటి పక్క, వంకకు ఈవల, రెండెకరాల ముప్పై సెంట్ల మెట్ట చేను ఉంది. ఊళ్లో అందరూ దాన్ని కల్లంగడి చేను అంటారు. అది ఇప్పుడు మాది కాదు. అక్కడ కల్లూ లేదు, అంగడీ లేదు. ఈ కాలం పిల్లోళ్లను అడిగితే ఆ పేరెందుకొచ్చిందో చెప్పలేరు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆ చేను గురించి మా ఇంట్లో ఒకే ఒక మాట విన్నా: "మీ ముత్తాత తాగి పోగొట్టిన చేను అది."

ముత్తాతంటే మా అబ్బ వాళ్ల నాయన. మేం ఈడిగోళ్లం. ఆయన ఈత చెట్లు గీసేవాడని, కొన్నేండ్లు కల్లంగడి గుడక నడిపినాడని తెలుసు. అంతకు మించి ఎవరూ చెప్పలేదు. ఆయన ఫోటో లేదు. ఊళ్లో ఎవడైనా తాగి తిరిగితే మా ఇంట్లో ఆయన్నే ఎత్తి చూపేవాళ్లు. ఒక మనిషి డెబ్బై ఎనబై ఏండ్లు బతికి, చివరికి ఇంటివాళ్ల నోట్లో ఒక తిట్టుగా మిగిలిపోయినాడు. అది నిజమా కాదా తెలుసుకుందామని నాలుగేండ్లుగా తిరిగినా. దొరికినవి దొరికినట్టు మీ ముందర పెడతా. అందులో ఆయనకు మంచి పేరు తెచ్చేవి ఉన్నాయి, తేనివీ ఉన్నాయి.

ముందుగా ఒక సంగతి. ఆ కాలంలో కల్లంగడి ఎట్ల నడిచేదో తెలియకపోతే కాగితాలు చూసినా అర్థం కావు. కాబట్టి అది చెప్తా.

మాది పాత వాయల్పాడు తాలూకా. మా ముత్తాత పుట్టినప్పుడు ఇది కడప జిల్లా. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు మదనపల్లె, వాయల్పాడు తాలూకాలను కడప నుంచి తీసి ఇందులో కలిపినారు. 2022లో అన్నమయ్య జిల్లాలోకి వచ్చినాం. ఊరు మాత్రం కదల్లేదు, ఉన్న చోటే ఉంది. పాత రికార్డు వెతికేవాళ్లకు ఇది ముఖ్యం. 1911కి ముందు కాగితం కావాలంటే కడప పేరు మీద వెతకాల, తర్వాతదైతే చిత్తూరు పేరు మీద.

అప్పుడంతా మద్రాసు రాజధాని కింద ఉన్నాం. మద్రాసు ప్రభుత్వం 1886లో ఆబ్కారీ చట్టం చేసింది. అంతకు ముందు పెద్ద పెద్ద గుత్తేదార్లు ప్రాంతాలకు ప్రాంతాలే పాడుకునేవాళ్లు. ఆ తర్వాత మెల్లగా వేరే పద్ధతి వచ్చింది. దాంట్లో ప్రభుత్వం రెండు చేతులా తీసుకునేది. ఒకటి చెట్టు పన్ను. ఏ చెట్టు గీయాలన్నా ముందు లైసెన్సు కావాల, చెట్టుకు నంబరు వేయించుకోవాల, చెట్టుకింతని కట్టాల. టెంకాయ చెట్టుకు ఒక రేటు, తాటికి ఒక రేటు, ఈతకు ఒక రేటు. రెండోది అంగడి కిస్తు. అంగడి నడుపుకునే హక్కును వేలం వేసేవాళ్లు. ఎవరు ఎక్కువ పాడితే వాళ్లది. చెట్టు ఇంకొకరి పట్టా భూమిలో ఉంటే ఆ రైతుకు బాడుగ వేరే.

అంటే మీరు ఒక ముంత కల్లు తాగితే, ఆ డబ్బులో చెట్టు పన్ను ఉంది, అంగడి కిస్తు ఉంది, చెట్టు గలాయనకు బాడుగ ఉంది, చెట్టెక్కినోడి కూలి ఉంది. ఇవన్నీ పోగా మిగిలింది అంగడి ఆయనకు. మద్రాసు ప్రభుత్వానికి వచ్చే మొత్తం ఆదాయంలో దాదాపు పావు వంతు ఈ ఆబ్కారీ నుంచే వచ్చేది. భూమి శిస్తు తర్వాత పెద్ద ఆదాయం ఇదే. స్కూళ్లు, రోడ్లు, పోలీసుల జీతాలు, వీటన్నిట్లోనూ తాగేవాళ్ల డబ్బుంది.

ఇంకో విచిత్రం. కుండ లోపల సున్నం పూస్తే ఈత నీరు పులవదు. అది తీపి కల్లు, బెల్లం వండుకోవచ్చు. దానికి పన్ను లేదు. సున్నం పూయకపోతే కాసేపట్లో పులుస్తుంది, పన్ను పడుతుంది. ఒకే చెట్టు, ఒకే నీరు. తేడా అంతా కుండలో సున్నమే. ఆబ్కారీ జవాన్లు వచ్చి కుండలు దించి చూసే పని ఇదే.

ఇప్పుడు వెతుకులాట సంగతి.

మొదట నాకు దారి చూపించింది చేను పేరే. ఊళ్లో చేలకు ఉండే పేర్లు ఊరికే రావు. మా పక్క కుమ్మరాము చేను, సత్రం చేను, గానుగ మిట్ట అని ఉన్నాయి. ఆ పనులన్నీ పోయినాయి, పేర్లు నిలబడినాయి. అయితే కల్లంగడి యాడుండేదని పెద్దోళ్లను అడిగితే ఇద్దరు రెండు చోట్లు చూపించినారు. ఒకాయన వంక పక్కన ఈత వనం దగ్గర, కల్లంగడి చేనులోనే అన్నాడు. ఇంకొకాయన, "కాదబ్బా, మెయిన్ రోడ్డు పక్కన చింతమాను కింద, నేను కళ్లారా చూసినా" అన్నాడు. ఇద్దరూ అబద్ధం చెప్పే మనుషులు కాదు. ఈ ముడి విడిపోయేదానికి నాకు రెండేండ్లు పట్టింది. అది తర్వాత చెప్తా.

రెండోది ఆర్‌ఎస్‌ఆర్. చుక్కల భూముల గొడవతో ఇప్పుడు రైతులందరికీ ఈ పేరు తెలుసు. బ్రిటిష్ వాళ్ల కాలంలో రాసిన రిజిస్టరు అది. మా పక్క డైగ్లాట్ అని గుడక అంటారు. దాంట్లో కల్లంగడి చేను సర్వే నంబరు ఎదురుగా పట్టాదారు పేరు మా ముత్తాతదే ఉంది. పక్క నంబరు వంక పోరంబోకు, ఆ పక్కది తోపు పోరంబోకు. అంటే ఈత వనం ప్రభుత్వానిది, దాన్ని ఆనుకున్న మెట్ట మాది. చెట్టుకు దగ్గరగా అంగడి. లెక్క సరిపోయింది.

ఈత వనంలో ఇప్పుడు నలభై యాభై చెట్లు మిగిలినాయి. ఈత చెట్టును ఒక ఏడాది ఒక పక్క, మరుసటి ఏడాది ఇంకో పక్క గీస్తారు. అందుకే మాను వంకర్లు తిరిగి, మెట్లు మెట్లుగా గాట్లు పడతాయి. గాట్లు లెక్కపెడితే ఆ చెట్టు ఎన్నేండ్లు గీసినారో చెప్పొచ్చు. ఉత్సాహంగా పోయి లెక్కపెట్టినా గానీ ఆ గాట్లు మా ముత్తాతవి కావు. మా నాయన వయసు వాళ్లు గీసినవి. ముత్తాత గీసిన చెట్లు ఎప్పుడో పడిపోయినాయి. ఇవి వాటి గింజల నుంచి లేచినవై ఉండొచ్చు. చేనులో మాత్రం మడక తోలినప్పుడల్లా కుండ పెంకులు తేలతాయని ఇప్పటి ఆసామి చెప్పినాడు. వనం వైపు గట్టు దగ్గర ఎక్కువగా, తక్కిన చేనులో తక్కువగా. నేను పోయి చూసినా, నిజమే.

మూడోది సబ్ రిజిస్ట్రారు ఆఫీసు. ఇది అందరికీ పనికొచ్చే సంగతి కాబట్టి వివరంగా చెప్తా. కంప్యూటర్లో ఈసీ తీస్తే 1983 నుంచే వస్తుంది. అంతకు ముందువి చేత్తో రాసిన పుస్తకాల్లో ఉంటాయి. వాటికి ఇండెక్సులు రెండు రకాలు. ఒకటి మనుషుల పేర్లతో, రెండోది ఊరు, సర్వే నంబరుతో. ఫీజు కట్టి వెతికించుకుని, దస్తావేజు నంబరు దొరికితే నకలు తీసుకోవచ్చు. ఇంకో మాట గుర్తు పెట్టుకోండి. నూరు రూపాయలు, అంతకు మించిన స్థిరాస్తి లావాదేవీలకే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అప్పట్లో నూరు రూపాయలంటే పెద్ద మొత్తం. చిన్న చిన్న తాకట్లు ఇంట్లో కాగితం మీద రాసుకుని చెదలు పట్టి పోయినాయి. కాబట్టి రిజిస్టరులో కనపడేది ఊరి అప్పుల్లో పైపైన తేలిన మీగడ మాత్రమే.

నాకు అక్కడ మూడు దస్తావేజులు దొరికినాయి.

మొదటిది 1934లోది. మా ముత్తాత కల్లంగడి చేనును పక్క ఊరి ఆసామికి భోగ్యానికి పెట్టి 300 రూపాయలు తీసుకున్నాడు. భోగ్యమంటే తెలుసు కదా, అప్పు తీరేదాకా చేను అప్పిచ్చినోడే సాగు చేసుకుంటాడు, వడ్డీ ఉండదు, పంటే వడ్డీ. ఎందుకు తీసుకున్నాడో దస్తావేజులోనే రాసుంది: అంగడి కిస్తు బాకీ కట్టేదానికి. తాగేదానికి కాదు, పెండ్లికి కాదు. సర్కారుకు కట్టేదానికి. అంగడి ఉన్న జాగా మాత్రం తన చేతిలోనే పెట్టుకుని, మిగతాది ఇచ్చినాడు.

ఆ ఏడే ఎందుకు? ప్రపంచమంతా ధరలు పడిపోయిన కాలం అది. 1929 తర్వాత నాలుగైదేండ్లు రైతు పండించిన దేనికీ ధర లేదు. చెనక్కాయకు ధర లేదు, వడ్లకు లేదు. కూలోడి చేతిలో డబ్బు లేకపోతే కల్లంగట్లో గల్లా నిండదు. కానీ వేలంలో పాడిన కిస్తు తగ్గదు. నెలనెలా కట్టాల్సిందే. రైతుకైతే కరువొస్తే శిస్తులో మాఫీ అడిగే దావ ఉండేది. అంగడి పాడినోడికి అది లేదు. నేను టమేటా రైతును. కేజీ మూడు రూపాయలకు పడిపోయినప్పుడు గుడక మందుల అంగట్లో బాకీ తగ్గదని మనందరికీ తెలుసు. ఆయన పరిస్థితి అర్థం చేసుకునేదానికి నాకు పెద్ద చదువు అక్కర్లేకపోయింది.

రెండో దస్తావేజు 1939లోది. అదే చేనును అదే ఆసామికి శుద్ధ క్రయం రాసిచ్చినాడు. పైన ఇచ్చింది 90 రూపాయలు. అంతటితో కల్లంగడి చేను మా ఇంటి నుంచి పోయింది.

1934కూ 1939కీ మధ్యలో ఏం జరిగింది? ఇక్కడ మన చిత్తూరు జిల్లా చరిత్ర వస్తుంది.

1937లో మద్రాసులో కాంగ్రెసు ప్రభుత్వం వచ్చింది. రాజాజీ ముఖ్యుడు. అప్పట్లో ఆ పదవిని ప్రధానమంత్రి అనేవాళ్లు. కల్లు, సారాయి అంగళ్ల ముందర పికెటింగు చేసి జైలుకు పోయిన కాంగ్రెసు వాళ్లకు మద్య నిషేధం పెద్ద మాట. అదే ఏడు అక్టోబరు 1న ముందుగా రాజాజీ సొంత జిల్లా సేలంలో నిషేధం పెట్టినారు. 1938 అక్టోబరు 1 నుంచి చిత్తూరు, కడప జిల్లాల్లో పెట్టినారు. 1939లో ఉత్తర ఆర్కాటులో. అంటే తెలుగు నేల మీద ఈ చట్టం ముందుగా అమలైంది మన రెండు జిల్లాల్లోనే. అక్టోబరు 1 ఎందుకంటే ఆబ్కారీ సంవత్సరం ఆ రోజే మొదలయ్యేది. పాత వేలం సెప్టెంబరు 30తో అయిపోతుంది, కొత్త వేలం వేయకపోతే సరి. అంగడి మూయించాల్సిన పని గుడక లేదు.

మా నాయనకు మేనత్త ఒకామె ఉండేది, మా అబ్బకు చెల్లెలు. ఎనబై దాటినాక పోయింది. అంగడి మూసినప్పుడు ఆమెకు పదేండ్లు. బతికుండగా నేను అడిగితే ఇట్ల చెప్పింది: "ఒరే అబ్బోడా, ఆ పొద్దు మా నాయన కుండలన్నీ బోర్లించి పెట్టినాడు. ఎవుర్నీ తిట్టలేదు. గాందీ మాట మంచిదే గానీ నాకు ముందుగా చెప్పుంటే చేను పెట్టకపోదును అన్నాడు. ఆయన జల్మలో తాగలేదురా. అమ్మేవాడు తాగితే అంగడి నిలుస్తాదా?"

జన్మలో తాగలేదు. ఆ మాట విన్నప్పుడు నేను నమ్మలేదు. కూతురు కాబట్టి చెప్తుందిలే అనుకున్నా. దస్తావేజులు చూసినాకనే ఆమె మాటకు బలమొచ్చింది. తాగి పోగొట్టినాడన్న మాట ఎట్ల పుట్టిందో గుడక అర్థమైంది. కల్లు వల్ల చేను పోయిందన్నది నిజం. కల్లు వల్ల అంటే తాగడం వల్లనే అని తర్వాతోళ్లు అనుకున్నారు. కిస్తు, వేలం, భోగ్యం అన్నవి మరిచిపోయినారు.

రాజాజీ ప్రభుత్వమే 1938లో రైతుల అప్పుల ఉపశమన చట్టం గుడక తెచ్చింది. పాత అప్పుల మీద పేరుకున్న వడ్డీలు కొట్టేసిన చట్టం అది. చాలా ఇండ్లు దాని వల్ల నిలబడినాయి. మా ముత్తాతకు మాత్రం అది అందలేదు. వడ్డీ ఇంతని రాయకుండా చేను అప్పజెప్పిన భోగ్యం తాకట్లను ఆ చట్టం తాకలేదు. ఒక చేత్తో అంగడి తీసుకున్న ప్రభుత్వం ఇంకో చేత్తో అప్పు తగ్గించింది గానీ, ఆ రెండో చేయి ఆయన దాకా రాలేదు.

గీత పని పోయినోళ్లకు తీపి కల్లుతో బెల్లం వండే సహకార సంఘాలు పెట్టించినారు. కొందరు బతికినారు. చాలామందికి కట్టెల ఖర్చు గుడక రాలేదని మా పక్క చెప్పుకునేవాళ్లు. మా అబ్బ చెట్టు దిగి కూలికి పోయినాడు. గుర్రంకొండ దావలో రోడ్డు పనికి పోయినాడని మా నాయన చెప్పేవాడు. తాగేవాళ్లు తాగడం మానలేదు. పడమటికి నడిస్తే మైసూరు సంస్థానం, అక్కడ నిషేధం లేదు.

పోయిన ఆబ్కారీ డబ్బును ప్రభుత్వం ఎట్ల పూడ్చుకుందో తెలుసా? 1939లో జనరల్ సేల్స్ టాక్స్ చట్టం చేసింది. సరుకులన్నిటి మీదా అమ్మకం పన్ను వేయడం దేశంలో మద్రాసులోనే మొదలు. దాని మనవడు 2005లో వచ్చిన వ్యాట్, మునిమనవడు 2017లో వచ్చిన జీఎస్టీ అనుకోండి. మనం ఎరువు బస్తా మీద, ట్రాక్టరు టైరు మీద కట్టే పన్నుకు మొదలు వెతుక్కుంటూ పోతే, మూతబడిన కల్లంగళ్ల కాడికి పోయి తేలతాం.

ఇప్పుడు రెండు అంగళ్ల ముడి. 1939 చివర్లో కాంగ్రెసు మంత్రులు రాజీనామా చేసినారు. యుద్ధం మధ్యలో, 1943లో, గవర్నరు పాలనలో నిషేధాన్ని పక్కన పెట్టినారు. మళ్లీ అంగళ్లు తెరిచినారు. 1946లో ప్రకాశం పంతులు ప్రభుత్వం వచ్చినాక మన జిల్లాలో మళ్లీ నిషేధం పెట్టినారు. 1948 అక్టోబరు 2కల్లా మద్రాసు రాష్ట్రమంతా నిషేధమే. అంటే మధ్యలో ఒక రెండు మూడేండ్లు మా ఊళ్లో అంగడి మళ్లీ నడిచింది. ఆ అంగడి మాది కాదు. టౌను నుంచి వచ్చిన వేరే ఆసామి పాడుకున్నాడు, రోడ్డు పక్కన చింతమాను కింద పెట్టుకున్నాడు. రెండో పెద్దాయన చిన్నప్పుడు చూసింది దాన్ని. మొదటాయనకు వాళ్ల నాయన చెప్పింది ముందరి అంగడి గురించి. ఇద్దరిదీ నిజమే, కాలాలు వేరు.

చెన్నైలో ఉద్యోగం చేసే మా పిల్లోడొకడు ఎగ్మూరులోని ఆర్కైవ్స్‌కు అనుమతి తీసుకుని పోయి, రెవెన్యూ బోర్డు ఆబ్కారీ కాగితాలు చూసొచ్చినాడు. జిల్లాకు ఎన్ని అంగళ్లు, ఎంత కిస్తు, ఎన్ని చెట్లు, అంతా లెక్కలే. మా ముత్తాత పేరు లేదు, ఊరి పేరు గుడక లేదు. చెట్టు చెట్టుకూ నంబరు వేసిన ప్రభుత్వమే అది.

ఇంక మూడో దస్తావేజు. దీన్ని దాచిపెట్టి మిగతా రెండే రాసుంటే మా ముత్తాత కథ బలే బాగుండేది. కానీ చరిత్ర అని పేరు పెట్టి సగం చెప్పకూడదు.

అది 1931లోది. ఊళ్లో ఇంకో ఇంటాయన మా ముత్తాతకు 80 సెంట్ల భూమి రాసిచ్చినాడు, 120 రూపాయలకు. కారణం కుటుంబ అవసరాల నిమిత్తం అని ఉంది. పాత దస్తావేజుల్లో అందరూ రాసే మాటే అది. కానీ డబ్బు ముట్టిన విధం దగ్గర, నగదుగా ఇప్పుడు తీసుకున్నది 15 రూపాయలు, మిగతాది ఇదివరకే మీకు నేను పడిన బాకీ కింద చెల్లు అని ఉంది. కల్లంగడి ఆయనకు పడిన 105 రూపాయల బాకీ దేనిదై ఉంటుంది? అవ్వను అడిగినప్పుడు ఈ దస్తావేజు నా దగ్గర లేదు. కానీ ఆమె ఒక మాట చెప్పింది, అప్పుడు నాకు అర్థం కాలేదు: "గోడ మీద బొగ్గుతో గీతలు గీసేవాడు మా నాయన. ముంతకొక గీత. కొందురి గీతలు గోడంతా పారేవి."

ఆ 80 సెంట్లు ఇప్పుడు నా సాగులో ఉంది. మా బోరు ఉండేది దాంట్లోనే. మా పిల్లోళ్ల చదువులు ఆ బోరు నీళ్లతోనే అయినాయి.

ఆ రాసిచ్చిన ఇంటి వాళ్లు ఊళ్లోనే ఉన్నారు. వాళ్లకు మిగిలిన ఎకరా మా 80 సెంట్లకు వెనకాల ఉంది. దానికి బండి పోయే దావ లేదు. మా అబ్బ కాలం నుంచి ప్రతి పంటకూ ఈ దావ కాడ రెండు ఇండ్లకూ మాటలు పెరుగుతుండేవి. వాళ్లు "మా తాత నేలే కదా" అనేవాళ్లు, మా వాళ్లు "రిజిస్టరు కాగితం చూపించు" అనేవాళ్లు. ఆ కాగితం ఇప్పుడు నా చేతిలోకి వచ్చింది. చట్టం ప్రకారం అది నూటికి నూరుపాళ్లు మా పక్కే ఉంది.

మా ఇంట్లో కూర్చుని మాట్లాడుకున్నాం. నా కొడుకు, "తొంబై ఏండ్ల కిందటి దానికి మనమెందుకు బాధ్యులం నాయనా" అన్నాడు. వాడి మాటలో న్యాయం ఉంది. మా ఆడామె మాత్రం, "బాధ్యత సంగతి పక్కన పెట్టండి, దావ లేని చేను ఎంత కష్టమో మనకు తెలీదా" అనింది. నేను నకలు తీసుకుని వాళ్లింటికి పోయినా. ఆ ఇంటి పెద్దాయన నాకు వరసకు అన్న అవుతాడు. చదివి వినిపించినా. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మా తాత తాగుబోతని మాకు తెల్సు లేరా. మీ ముత్తాత పోసినాడు, మావోడు తాగినాడు. నేల ఎవురిదైతే ఏం, నాకు దావ ఇడు చాలు" అన్నాడు.

గట్టు ఎంబడి పది అడుగుల వెడల్పున సర్వేయరుతో కొలిపించి, ట్రాక్టరు పోయే దావ రాసిచ్చినాం. మాకు పోయింది నాలుగైదు సెంట్లు. దాన్ని దానమని నేను అనను, ప్రాయశ్చిత్తమని గుడక అనను. ఆ 80 సెంట్లను వెనక్కి ఇచ్చేంత మనిషిని కాను. నాకున్నదే మూడెకరాలు. చేయగలిగింది చేసినాం.

తర్వాతి చరిత్ర గుడక నాలుగు మాటల్లో చెప్తా, ఎందుకంటే కల్లు కథ మా ఊరితో ఆగలేదు. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, ప్రకాశం పంతులు ముఖ్యమంత్రి. గీత పని పోయి లక్షల కుటుంబాలు రోడ్డున పడినాయని సర్దార్ గౌతు లచ్చన్న గీత కార్మికుల తరపున సత్యాగ్రహం నడిపినాడు. నిషేధం ఎత్తేయమని రామమూర్తి కమిటీ చెప్పింది, ప్రభుత్వం వినలేదు. 1954 నవంబరులో అసెంబ్లీలో అవిశ్వాసం పెట్టినారు. ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం పడిపోయింది. తెలుగోళ్ల మొదటి రాష్ట్ర ప్రభుత్వం పడింది ఈ కల్లు కాడనే. అయినా నిషేధం వెంటనే పోలేదు. 1956లో ఆంధ్రప్రదేశ్ వచ్చినాక చాలా ఏండ్లు తెలంగాణలో అంగళ్లు తెరిచి ఉండేవి, మన పక్క మూసి ఉండేవి. 1968లో ఎక్సైజ్ చట్టం చేసి, ఆ తర్వాత మన పక్క గుడక ఎత్తేసినారు. వనంలో నేను లెక్కపెట్టిన గాట్లు ఆ తర్వాతవే.

ఆ తర్వాత కల్లును వెనక్కి తోసి సారాయి వచ్చింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు అక్షరాలు నేర్చుకుని సారాయి అంగడి మూయించినారు. ఆ మంట రాష్ట్రమంతా పాకింది. మా అమ్మ గుడక మా ఊళ్లో చీపురు పట్టుకుని సారాయి అంగడి ముందర నిలబడింది. 1993 అక్టోబరు 1న సారాయి నిషేధం వచ్చింది. చూడండి, మళ్లీ అదే అక్టోబరు 1. 1995 జనవరిలో ఎన్టీఆర్ పూర్తి నిషేధం పెట్టినాడు, 1997లో అది పోయింది. మా నాయన ముత్తాత అంగడి గురించి నోరెత్తకపోయేదానికి ఇదీ ఒక కారణం. చీపురు పట్టిన ఆమె ముందర మా తాత కల్లంగడి పెట్టినాడని ఏం చెప్తాడు?

మా ముత్తాత మంచోడా చెడ్డోడా అని మీరు అడగొచ్చు. తాగి చేను పోగొట్టినోడు మాత్రం కాదు. ఆ మాట మా ఇంట్లో ఇంక ఎవరూ అనరు. ఎండలో చెట్టెక్కి, సర్కారుకు పన్ను కట్టి, వేలంలో పాడి, చివరికి ఆ వేలం కిందే నలిగినోడు. గోడ మీద గీతలు గీసి ఇంకొకాయన నేల రాయించుకున్నది గుడక ఆయనే. రెండూ ఒకే మనిషి చేసినాడు. ఆయన చేను పోయిన దావ, ఆయనకు చేను వచ్చిన దావ రెండూ ఒకటే, బాకీ. పైనున్నోడు ఆయన దగ్గర కిస్తు వసూలు చేసినాడు, ఆయన కిందున్నోడి దగ్గర వసూలు చేసినాడు.

మీ ఇండ్లల్లో గుడక ఇట్లాంటి మాటలు ఉంటాయి. ఫలానా తాత పేకాటలో పోగొట్టినాడు, ఫలానా అవ్వ మోసం చేసింది అని. నమ్మే ముందర ఒకసారి కాగితం చూడండి. ఊళ్లో చేల పేర్లు రాసి పెట్టుకోండి. పాత దస్తావేజుల్లో చెక్కుబందీలు చదవండి, ఏ పక్క ఏముందో వాటిలోనే దొరుకుతుంది. ఈసీ 1983తో ఆగిపోతే చేతిరాత ఇండెక్సులు అడగండి. కరణాల వ్యవస్థ 1984లో పోయింది కాబట్టి కొన్ని పాత లెక్కలు వాళ్ల ఇండ్ల అటకల మీదే ఉండిపోయినాయి. మర్యాదగా అడిగితే చూపించేవాళ్లు ఉన్నారు. అన్నిటికంటే ముందు, ఎనబై దాటిన వాళ్ల దగ్గర కూర్చోండి. కాగితం ఎక్కడికీ పోదు, వాళ్లు పోతారు. మా అవ్వను ఇంకో నాలుగు మాటలు అడిగుంటే ఈ పోస్టు ఇంకా బాగా రాసేవాణ్ణి.

మీ ఊళ్లో కల్లంగడి చేను, సారాయి మిట్ట, ఆబ్కారీ బావి లాంటి పేర్లు ఏమన్నా ఉంటే రాయండి. ఏ తాలూకానో గుడక చెప్పండి. వచ్చే వారం మళ్లీ మామూలే, ఊజీ ఈగ సంగతి రాస్తా.